గుప్పెడంత వస్తువుకు గంపంత డబ్బా

ఈ వారం గూళ్ళ ధర కాస్త పక్కన పెట్టి, ఇంటికొచ్చే పార్శిల్ డబ్బాల గురించి మాట్లాడుకుందాం. వినడానికి నవ్వొస్తుంది గానీ, ఆ డబ్బా వల్లే మా షెడ్డులో రెండు తట్టల పురుగులు పోయాయి.

పోయిన పంటకు ముందు షెడ్డులో వేడి, తేమ చూసుకునే మీటరు చెడిపోయింది. ఫోన్‌లో కొత్తది ఆర్డర్ పెట్టాం. అరచేతిలో పట్టే వస్తువు, 150 గ్రాములు కూడా ఉండదు. అది వచ్చిన డబ్బాలో మాత్రం రెండు నాటుకోళ్ళను కూర్చోబెట్టొచ్చు! విప్పితే గాలి నింపిన ప్లాస్టిక్ సంచులు, నలిపిన కాగితం, అడుగున ఒక మూల మీటరు. పిల్లలకు ఆ గాలి సంచులు తొక్కి పేల్చడం ఒక పండగ.

ఆ గాలికీ లెక్క ఉంది. చాలా కొరియర్ల వాళ్ళు డబ్బా పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి, మామూలుగా 5000తో భాగిస్తారు. వచ్చింది కిలోల లెక్క. అసలు బరువు, ఈ లెక్క బరువు రెండింటిలో ఏది ఎక్కువైతే దానికే చార్జీ. మా డబ్బా 40×30×20. అంటే 4.8 కిలోలు! ‘ఫ్రీ డెలివరీ’ అని రాసినా, ఆ ఖర్చు చివరికి ధరలో ఎక్కడో కలవాల్సిందే.

మరి వాళ్ళెందుకలా పంపుతారు? గోడౌన్‌లో నాలుగైదు సైజుల డబ్బాలే పెట్టుకుంటారు. ప్యాక్ చేసేవాళ్ళకు తొందర, చేతికందిన దాంట్లో వేసి టేపు అంటిస్తారు.

డబ్బాలో ఖాళీ ఎక్కడ కావాలో మనకు తెలియనిదా? 100 గుడ్లు అంటే 40 నుంచి 50 వేల పురుగులు. బరువు చూస్తే 30 గ్రాములకు మించదు. అయినా గాలాడే పెట్టెలో, చల్లటి పూట, తడి ఆరకుండా తెచ్చుకుంటాం. గూళ్ళు మార్కెట్టుకు తీసుకెళ్ళేటప్పుడు సంచిలో కుక్కం. కుక్కితే చెమ్మ పట్టి, నలిగి, దారం సరిగా రాదు. అక్కడ ఖాళీ ఎందుకంటే లోపల ప్రాణం ఉంది కాబట్టి. మీటరుకు ఊపిరి ఎందుకు?

ఇక అసలు సంగతి. అదే వారం టమోటా తోటకు తెప్పించిన పురుగుమందు సీసా కూడా అలాంటి పెద్ద డబ్బాలోనే వచ్చింది. దారంతా ఖాళీలో దొర్లి దొర్లి మూత వదులై కొంచెం కారింది. సీసా తీసి దాచాం, డబ్బా మూలన పెట్టాం. అట్ట ఆరిపోయాక మరక కూడా సరిగా కనబడలేదు. ‘ఇంత గట్టి అట్ట ఎవరైనా పారేస్తారా’ అని ఇంట్లోవాళ్ళు దాన్ని విప్పి రెండు తట్టల్లో కాగితం కింద పరిచారు.

నాలుగో జ్వరం లేచిన మూడో రోజు ఆ రెండు తట్టల్లో పురుగులు ఆకు ముట్టలేదు. తలలు అటూ ఇటూ ఊపుతూ, పచ్చటి నీళ్ళు కక్కి, ఒళ్ళు ముడుచుకుపోయాయి. పక్క తట్టల్లో అదే ఆకు, అదే చాకీ, ఏమీ కాలేదు. పరీక్ష చేయించలేదు గానీ, కాగితం ఎత్తి చూశాక మాకు వేరే అనుమానం లేదు. తప్పు మాదే. అందుకే దాచకుండా చెబుతున్నాం.

ఇంకొకటి. ఆ ప్లాస్టిక్ సంచులు, థర్మాకోల్ సాయంత్రం పెరట్లో తగలబెట్టడం మన ఊళ్ళలో మామూలే. దోమలబత్తి పొగకే తట్టుకోలేని పురుగు, ఈ పొగకు తట్టుకుంటుందా? 2016 నాటి ప్లాస్టిక్ వ్యర్థాల నిబంధనలకు 2022లో చేసిన సవరణ ప్రకారం, ప్యాకింగ్ ప్లాస్టిక్‌ను సేకరించి రీసైకిల్ చేయించే బాధ్యత తయారుచేసేవాళ్ళది, బ్రాండ్ల వాళ్ళది. మా ఊరికి మాత్రం ఆ బండి ఇంకా రాలేదు. వచ్చేదాకా మన జాగ్రత్త మనదే.

మేము ఇప్పుడు పాటిస్తున్నవి:

1. పార్శిల్ ఇంటి దగ్గరే విప్పుతాం. ఏ డబ్బా అట్టా షెడ్డులోకి పోదు.
2. పురుగుమందు, పురుగుల సామాను ఒకే ఆర్డర్‌లో పెట్టం. మందు వచ్చిన డబ్బా దేనికీ వాడం.
3. చిన్న వస్తువులు నలుగురం కలిసి ఒకేసారి తెప్పించుకుంటాం. ఊరి అంగట్లో దొరికితే అక్కడే కొంటాం.
4. మంచి అట్టలు టేపు పీకి, చింపి, తడిపి ఎరువు గుంతలో వేస్తాం. ప్లాస్టిక్ మూటగట్టి పాత సామాన్ల వాడికి ఇస్తాం. తగలబెట్టం.
5. డబ్బా మరీ పెద్దదైతే ఫోటో తీసి, వస్తువుకు రేటింగ్ ఇచ్చే చోట రెండు మాటలు రాస్తాం. వంద మంది రాస్తే వాళ్ళకూ వినబడుతుంది.

మీ షెడ్డులో తట్టల కింద, అరల మీద పాత డబ్బా అట్టలు ఏమైనా ఉన్నాయా? కొత్త చాకీ దించే ముందే ఒకసారి చూసి తీసేయండి. మా రెండు తట్టలు ఎలాగూ పోయాయి, మీవి పోకూడదు.