లేజర్‌తో కళ్ళజోడు తీయించుకునే ముందు, తీయించుకున్న తర్వాత

ఇదంతా మొదలైంది పిల్లల స్విమ్మింగ్ క్లాసు దగ్గర. మా చిన్నవాడికి అప్పుడు నాలుగేళ్ళు. మొదటి రోజు తల్లులు కూడా నీళ్ళలోకి దిగాలన్నారు. కళ్ళజోడు తీసి బెంచీ మీద పెట్టి దిగాను. కాసేపటికి తల తిప్పి చూస్తే ఒకే రకం నీలం టోపీలు పెట్టుకున్న ఏడెనిమిది మంది పిల్లలు, అందరూ మసక మసకగా. వాళ్ళలో మావాడెవడో నాకు తెలియలేదు. పేరు పెట్టి పిలిచి, వాడు పలికిన వైపు వెళ్ళాను. ఏమీ జరగలేదు. కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

నా పవర్ రెండు కళ్ళకీ మైనస్ 6.5. డిగ్రీలో ఫిజిక్స్ చదివిన వాళ్ళకి ఇది చిన్న లెక్క. 100ని 6.5తో భాగిస్తే 15 చిల్లర వస్తుంది. అంటే నా కంటికి 15 సెంటీమీటర్ల అవతల ఉన్నదేదీ స్పష్టంగా కనబడదన్న మాట. జానెడు దూరం కూడా కాదు. లేజర్ చేయించుకుందామని అప్పుడే అనుకున్నాను. చేయించుకోవడానికి రెండేళ్ళు పట్టింది. ఆ రెండేళ్ళలో నేను తెలుసుకున్నవి, తర్వాత అనుభవించినవి మనవాళ్ళకి పనికొస్తాయని రాస్తున్నాను. నేను డాక్టర్ని కాను. మీ కంటి సంగతి మీ డాక్టరే చెప్పాలి. వాళ్ళని ఏం అడగాలో మాత్రం నేను చెప్పగలను.

ముందు ఈ లేజర్ ఏం చేస్తుందో చూద్దాం. నల్లగుడ్డు మీద గడియారం అద్దంలా ఒక పారదర్శకమైన పొర ఉంటుంది, అదే కార్నియా. కంటిలోకి వచ్చే వెలుగుని వంచే పనిలో మూడింట రెండు వంతులు చేసేది ఇదే, లోపలి లెన్స్ కాదు. మైనస్ పవర్ ఉన్నవాళ్ళకి ఈ పొర మధ్య భాగాన్ని రవ్వంత చెక్కి చదును చేస్తే, రెటీనాకి ముందే కలిసిపోయే వెలుగు సరిగ్గా రెటీనా మీద పడుతుంది. చెక్కేది ఎక్సైమర్ లేజర్. దీని వెనక మనకి దగ్గరి కథ ఒకటి ఉంది. 1981లో థ్యాంక్స్ గివింగ్ మర్నాడు, ఐబీఎం పరిశోధనశాలలో పనిచేసే రంగస్వామి శ్రీనివాసన్ ఇంట్లో మిగిలిన టర్కీ ముక్కని తీసుకెళ్ళి ఆ లేజర్ కింద పెట్టి చూశారు. పక్కన ఏమాత్రం కాలకుండా గీత గీసినట్టు తెగింది. ఆయన మద్రాసు విశ్వవిద్యాలయంలో చదువుకున్న మనిషి. ఆ టర్కీ ముక్క నుంచి మొదలైన పని 1995లో ఇక్కడ ఎఫ్‌డీఏ అనుమతి దాకా వచ్చింది. నవంబరులో ఎవరింట్లో టర్కీ చూసినా నాకు ఇదే గుర్తొస్తుంది.

చెక్కడం ఒకటే అయినా ఆ చోటికి చేరే దారులు వేరు. లేసిక్‌లో కార్నియా మీద పల్చటి రెప్పలాంటి పొరని కోసి పైకి ఎత్తి, లోపల చెక్కి, మళ్ళీ కప్పేస్తారు. పీఆర్‌కేలో రెప్ప కోయరు. పైనున్న చర్మం లాంటి పొరని తుడిచేసి నేరుగా చెక్కుతారు, ఆ పొర కొన్ని రోజుల్లో మళ్ళీ దానంతటదే పెరుగుతుంది. స్మైల్‌లో వేరే రకం లేజర్‌తో లోపలే చిన్న బిళ్ళ తయారు చేసి, పక్కన సన్నటి గాటు పెట్టి దాన్ని లాగేస్తారు. ఏది మంచిదని అందరూ అడుగుతారు. అసలు ప్రశ్న అది కాదు. మీ కార్నియా దేనికి ఒప్పుకుంటుందన్నదే ప్రశ్న.

నేను ముందు ఇండియాలో చేయించుకుందామనే అనుకున్నాను. మనలో చాలామంది అలాగే అనుకుంటాం కదా. డిసెంబరులో మూడు వారాలు వెళ్ళాం. పెళ్ళిళ్ళు, మొక్కులు, బంధువులు అన్నీ అయ్యేసరికి చేతిలో తొమ్మిది రోజులు మిగిలాయి. ఒక క్లినిక్‌కి వెళ్ళాను. అక్కడి కౌన్సెలర్ అమ్మాయి చాలా మర్యాదగా మాట్లాడింది. అరగంటలో పరీక్షలు చేసి, "మైనస్ 7 వచ్చింది మేడమ్, రేపే లేసిక్ చేసేద్దాం" అంది. ఆ ఉదయం దాకా నా కంట్లో కాంటాక్ట్ లెన్సులు ఉన్నాయి. ఎన్నాళ్ళయింది తీసి అని ఎవరూ అడగలేదు. మళ్ళీ చూపించుకోవడం ఎలాగంటే, "అమెరికా వెళ్ళాక వాట్సాప్‌లో ఫొటో పెట్టండి, మేం చెప్తాం" అంది. కంటి లోపలి సంగతి ఫోన్ ఫొటోలో ఏం తెలుస్తుంది? ఇంటికి వచ్చి మా వారితో వద్దన్నాను. "ఇంత దూరం వచ్చి, సగం డబ్బుకే అయిపోయేదాన్ని వదులుకుంటావా?" అని ఆయన కాస్త విసుక్కున్నారు కూడా.

ఇండియాలో చేయించుకోవద్దని నేననడం లేదు. ప్రపంచం నలుమూలల నుంచి డాక్టర్లు వచ్చి నేర్చుకునే కంటి ఆసుపత్రులు మనకి ఉన్నాయి. మెషీన్లు రెండు చోట్లా అవే. తేడా అంతా మన సెలవుల్లోనే ఉంది. వెళ్ళిన మొదటి వారంలోనే పరీక్షలు అయిపోవాలి. లేసిక్ అయితే తర్వాత కనీసం రెండు వారాలు, పీఆర్‌కే అయితే నెల రోజులు అక్కడే ఉండే వీలు ఉండాలి. ఇక్కడికి వచ్చాక ఎవరు చూస్తారో ముందే మాట్లాడుకోవాలి. ఇంకొకరు చేసిన ఆపరేషన్‌ని మధ్యలో అందుకోవడానికి ఇక్కడి డాక్టర్లు అంత సులువుగా ఒప్పుకోరు.

డాలస్‌కి తిరిగొచ్చాక మరో డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఫోన్‌లోనే మొదటి మాట, "రెండు వారాల ముందు నుంచి లెన్సులు మానేసి రండి" అని. కాంటాక్ట్ లెన్సు కార్నియాని నొక్కి దాని ఆకారాన్ని మారుస్తుంది. మెత్తటివైతే ఒకటి రెండు వారాలు, గట్టివైతే మూడు నాలుగు వారాలు మానేస్తేనే అసలు ఆకారం బయటపడుతుంది. అలా మానేసి వెళ్తే నా పవర్ 7 కాదు, 6.5. ఆ రోజు చేయించుకుని ఉంటే అర పాయింటు ఎక్కువ చెక్కేసేవాళ్ళు.

అసలు సంగతి అది కూడా కాదు, మందం. సామాన్యంగా కార్నియా మధ్యలో 540 మైక్రాన్ల మందం ఉంటుంది. నాది 478. డాక్టరుగారు కాగితం మీద లెక్క వేసి చూపించారు. రెప్పకి 110, ఒక్కో పాయింటు పవర్‌కి సుమారు 15 చొప్పున నా 6.5కి 98, మొత్తం 208. లేసిక్ చేస్తే కదిలించకుండా మిగిలేది 270. 250కి తగ్గకూడదన్నది పాత లెక్క. ఇప్పుడు చాలామంది 300 ఉండాలంటారు. అందులోనూ మొత్తం మందంలో 40 శాతానికి మించి కదిలిస్తే కార్నియా బలహీనపడి, ఏళ్ళ తరబడి మెల్లగా ముందుకి ఉబ్బే ప్రమాదం పెరుగుతుంది. నాకు ఆ అంకె 43 దాటుతోంది. అలా ఉబ్బితే కళ్ళజోడు కూడా సరిగ్గా పనిచేయదు. "మీకు లేసిక్ నేను చేయను, పీఆర్‌కే అయితే ఆలోచించవచ్చు" అన్నారాయన. ఆ కాగితం చూస్తూ కారులో పది నిమిషాలు అలాగే కూర్చున్నాను.

కాబట్టి పరీక్షకి వెళ్ళినప్పుడు మీ మందం ఎంత, చెక్కాక ఎంత మిగులుతుంది అన్న రెండు అంకెలూ అడగండి. కార్నియా ఆకారాన్ని రంగుల పటంలా చూపించే టోపోగ్రఫీ చేశారా, చుక్కలు వేసి పాపని పెద్దది చేసి పవర్ మళ్ళీ చూశారా, కన్నీళ్ళు సరిపడా ఉన్నాయో లేదో చూశారా అన్నది కూడా. కార్నియా కోన్‌లా సాగే కెరటోకోనస్ జబ్బు మన దక్షిణాసియా వాళ్ళలో ఎక్కువగా కనబడుతుంది. అది ఉంటే ఈ ఆపరేషన్లు చేయకూడదు. పోలెన్ అలర్జీతో అస్తమానం కళ్ళు నలుపుకునే అలవాటు ఉంటే తప్పకుండా చెప్పండి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఆగాలి, ఆ రోజుల్లో పవర్ అటూ ఇటూ కదులుతుంది. కాలేజీకి వెళ్ళే పిల్లలు అడుగుతుంటారు. పద్దెనిమిది నిండితే సరిపోదు, ఏడాదిగా పవర్ మారకుండా ఉండాలి.

డబ్బు సంగతి క్లుప్తంగా. మామూలు ఇన్సూరెన్స్ దీన్ని అందం ఖాతాలో వేసి ఇవ్వదు. హెచ్ఎస్ఏ, ఎఫ్ఎస్ఏ డబ్బు మాత్రం వాడుకోవచ్చు. అందుకే ఏడాది చివర ఆఫీసులో ఎఫ్ఎస్ఏ ఎంచుకునేటప్పుడే అనుకోవాలి. బోర్డు మీద పెద్దక్షరాలతో ఉండే చౌక ధర చాలా తక్కువ పవర్ వాళ్ళకి. మనదాకా వచ్చేసరికి అది ఉండదు.

ఆపరేషన్ రోజు తలకి నూనె, సెంటు, కాటుక, మేకప్ ఏవీ వద్దన్నారు. సెంటు ఆవిరి కూడా లేజర్‌కి అడ్డే. ఉపవాసం అక్కర్లేదు. కారు నడపడానికి వేరేవాళ్ళు ఉండాలి. మత్తు ఇవ్వరు, చుక్కలు వేసి కన్ను మొద్దుబారేలా చేస్తారు. కన్ను ఆర్పేస్తానేమో అన్న భయం వద్దు, రెప్పలు పట్టి ఉంచే క్లిప్పు ఉంటుంది. ఎదుటి దీపం వైపు చూస్తూ ఉండడమే మన పని. లేజర్ తగిలేది కంటికి నిమిషం లోపే. టిక్ టిక్ మని శబ్దం, వెంట్రుక కాలిన వాసన. ఆ వాసన గురించి ముందే ఎవరైనా చెప్పి ఉంటే నేనంత కంగారుపడేదాన్ని కాదు. చివర్లో కట్టులా పనిచేసే మెత్తటి లెన్సు పెట్టి పంపారు.

లేసిక్ అయినవాళ్ళు ఆ రోజు నాలుగైదు గంటలు మంట, నీళ్ళతో పడుకుని, మర్నాడు లేచి గోడ గడియారం చూసి ఆనందపడతారు. పీఆర్‌కే అలా కాదు. నాకు రెండో రోజు నరకమే. ఉల్లిపాయల బస్తా కంట్లో పిండినట్టు. మొద్దుబార్చే చుక్కలు ఇంటికి ఇమ్మని అడిగాను, ఇవ్వలేదు. మాటిమాటికీ వేస్తే అవి కార్నియా మానకుండా చేస్తాయట. చీకటి గది, చల్లటి కన్నీటి చుక్కలు, నొప్పి మాత్రలు, అంతే. అమ్మ వీడియో కాల్‌లో "కళ్ళలో రోజ్ వాటర్ వేసుకోవే, చల్లగా ఉంటుంది" అంది. వద్దమ్మా, డాక్టరు రాసినవి తప్ప ఏవీ వేసుకోకూడదు అన్నాను. ఆముదం, తేనె, తల్లిపాలు అన్నీ అదే లెక్క. మానుతున్న పచ్చి గాయం అది. ఐదో రోజు లెన్సు తీశారు, నొప్పి పోయింది.

నొప్పి పోయింది గానీ చూపు రాలేదు. దీని గురించే ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే కౌన్సెలింగులో దీన్ని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. రెండు వారాలు నేను కారు నడపలేదు. పొద్దున బాగున్న చూపు సాయంత్రానికి పొగమంచు. పిల్లవాడి హోంవర్కు చదవలేకపోయాను. మూడో వారం ఒక రాత్రి బాత్రూములో కూర్చుని ఏడ్చాను, ఉన్న చూపు కూడా పోగొట్టుకున్నానని. పైపొర పెరుగుతూ, నున్నబడుతూ ఉండే కాలమది. నెలకి రోడ్డు బోర్డులు చదివాను, మూడు నెలలకి పరీక్షలో 20/20 వచ్చింది. ఆ మధ్యలో దగ్గర ఎవరైనా ఉండేలా చూసుకోండి. అత్తయ్యగారో అమ్మో వచ్చే నెల చూసుకుని చేయించుకుంటే ఇంకా మంచిది.

వంటింటి సంగతి ఏ కరపత్రంలోనూ ఉండదు. పోపు పొగ, ఎండుమిర్చి ఘాటు, కుక్కర్ ఆవిరి రెండు వారాలు మా వారికి అప్పగించాను. ఇంట్లో అగరొత్తులు, కర్పూరం ఆపాం. తలస్నానం చేస్తే వెనక్కి వంగి, సెలూన్‌లోలా. కంటి మేకప్, కాటుక కనీసం వారం రెండు వారాలు, ఈత అంతకన్నా ఎక్కువ కాలం వద్దు, మీ డాక్టరు ఎంత అంటే అంత. నిద్రలో నలపకుండా కంటికి ప్లాస్టిక్ కప్పులు. లేసిక్ అయితే నలపడం మరీ ప్రమాదం, ఆ రెప్ప ఏళ్ళ తర్వాత కూడా గట్టి దెబ్బకి కదలవచ్చు. పీఆర్‌కే వాళ్ళకి ఎండ పడదు, బయటికి వెళ్తే నల్ల కళ్ళద్దాలు తప్పనిసరి. స్టెరాయిడ్ చుక్కలు చెప్పినన్నాళ్ళే వేయాలి. మిగిలిన సీసాని ఇంట్లో ఇంకెవరికో కన్ను ఎర్రబడిందని వేస్తాం చూడండి, ఆ పని అస్సలు వద్దు, కంటి ఒత్తిడి పెరుగుతుంది.

తగ్గిన నొప్పి మళ్ళీ పెరిగినా, ఎరుపు, పుసి వచ్చినా, చూపు హఠాత్తుగా మందగించినా మర్నాటిదాకా ఆగొద్దు. ఇన్ఫెక్షన్ అరుదే, కానీ వస్తే గంటలు లెక్క.

మిగిలిపోయేవి కొన్ని ఉంటాయి. కార్నియా నరాలు తెగుతాయి కాబట్టి కళ్ళు పొడిబారడం మూడు నుంచి ఆరు నెలలు మామూలు, కొందరికి ఇంకా ఉంటుంది. అలర్జీ మాత్రలు దాన్ని పెంచుతాయి. ఇండియా ఫ్లైట్‌లో గంట గంటకీ చుక్కలు వేసుకున్నాను. రాత్రిళ్ళు ఎదురు కార్ల లైట్ల చుట్టూ వలయాలు నాకు ఇప్పటికీ కొద్దిగా కనబడతాయి.

నలభై దగ్గర పడుతున్న వాళ్ళకి ఇంకొక మాట. వెనక నేను కళ్ళజోడు తీసి సూదిలో దారం ఎక్కించేదాన్ని, మైనస్ కంటికి దగ్గరిది వరం. ఇప్పుడా వరం పోయింది. చత్వారం వస్తే అందరిలాగే రీడింగ్ గ్లాసులు కొనాలి. ఈ ఆపరేషన్ చత్వారాన్ని ఆపదు. ముప్ఫై ఎనిమిదేళ్ళకి చేయించుకున్నాను కాబట్టి కళ్ళజోడు లేకుండా నాకు దొరికేవి కొద్ది సంవత్సరాలే. ఇరవై ఐదులో చేయించుకుని ఉంటే ఇదే డబ్బుకి ఎక్కువ కాలం దక్కేది. అయినా నాకు విచారం లేదు. మావాడు ఈత కొడుతుంటే ఒడ్డున కూర్చుని వాడు మొహం చిట్లించడం కూడా చూస్తున్నాను.

పవర్ పోయినా కన్ను లోపల పొడుగ్గానే ఉంటుంది. ఎక్కువ మైనస్ ఉన్నవాళ్ళకి రెటీనా చిరిగే ప్రమాదం లేజర్ తర్వాత కూడా అలాగే ఉంటుంది. మెరుపులు, నల్లచుక్కల వాన, తెరలాంటి నీడ కనిపిస్తే వెంటనే చూపించుకోవాలి, ఏడాదికొకసారి రెటీనా పరీక్ష మానకూడదు. పల్చబడిన కార్నియా మీద కంటి ఒత్తిడి ఉన్నదానికన్నా తక్కువగా కనిపిస్తుంది, గ్లకోమా చూసే డాక్టరుకి లేజర్ అయిందని చెప్పకపోతే పొరపాటు పడతారు. ముందుముందు శుక్లం వచ్చి లెన్సు వేయాల్సి వస్తే, దాని పవర్ లెక్కకి ఆపరేషన్‌కి ముందు నాటి అంకెలు ఎంతో ఉపయోగం. ఇరవై ముప్ఫై ఏళ్ళ తర్వాత మనం ఏ దేశంలో ఉంటామో, ఈ క్లినిక్ ఉంటుందో లేదో. అందుకని ముందు పవర్, తర్వాత పవర్, మందం, టోపోగ్రఫీ పటాలు అన్నీ అడిగి కాపీ తీసుకున్నాను. పాస్‌పోర్టులు, పిల్లల బర్త్ సర్టిఫికెట్లు ఉన్న కవర్లోనే ఆ ఫైలు కూడా పెట్టాను.