నూర్పిళ్ల వేళ కంటి దెబ్బ: చుక్కల మందుతో జాగ్రత్త

వరి కంకి గుచ్చుకోవడం, తూర్పారపడుతుంటే ఊక కంట్లో పడడం, చెరకు ఆకు గీసుకోవడం శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల రైతు ఇళ్లలో కొత్తేమీ కాదు. నాలుగు రోజుల్లో అదే తగ్గుతుందని కొందరు ఊరుకుంటారు. కొందరు చనుబాలో, ఆకు పసరో పోస్తారు. ఇంకొందరు మందుల షాపులో అడిగి చుక్కల మందు తెచ్చుకుంటారు. అన్నిటికంటె ప్రమాదం ఇక్కడే ఉంది.

నల్లగుడ్డు మీద గడియారం అద్దం వంటి పొర ఒకటి ఉంటుంది. దాని పేరు కార్నియా. మందం సుమారు అర మిల్లీమీటరు. వెలుగు దీని గుండా పోవాలి గనుక ఇందులో రక్తనాళాలు ఉండవు. కాలికి ముల్లు గుచ్చుకుంటే రక్తంలోని తెల్లకణాలు అక్కడే దిగి క్రిములతో పోరాడతాయి. కంట్లో అలా కుదరదు. తెల్లగుడ్డు అంచున ఉన్న నాళాలు ఉబ్బి, వాటిలోంచి తెల్లకణాలు బయటపడి దెబ్బ తగిలిన చోటికి పాకి రావాలి. కన్ను ఎర్రబడేది అందుకే. నల్లగుడ్డు మీద కనిపించే తెల్లమచ్చ, క్రిములూ వాటి మీదికి వచ్చిన తెల్లకణాలూ పోగుపడినదే.

తెల్లకణాలు వదిలే రసాలు క్రిమిని చంపుతాయి, అద్దం పొరనూ కరిగిస్తాయి. మానినచోట మిగిలే మచ్చనే ఊళ్లలో పువ్వు అంటారు. అందుకే కన్ను ఈ పోరును సహజంగానే అదుపులో ఉంచుకుంటుంది. లోపలి నీటిలో పోరును తగ్గించే పదార్థాలున్నాయి. 1948లో మెడావర్ అనే శాస్త్రజ్ఞుడు కుందేలు కంటి లోపల పరాయి కుందేలు చర్మపు ముక్క ఉంచి చూశాడు. రక్తనాళాలు పాకనంతవరకు కన్ను దాన్ని తోసివేయలేదు.

ఇక చుక్కల మందు సంగతి. కొన్నింటిలో స్టెరాయిడ్ ఉంటుంది. అది తెల్లకణాలను అణచివేస్తుంది. ఎరుపు, నొప్పి తగ్గి రోగి మళ్లీ పొలానికి పోతాడు. కాని గడ్డి, ఆకు వెంట వచ్చేది తరచు బూజు జాతి క్రిమి. కాపలా లేని కంట్లో అది లోపలికి చొచ్చుకుపోతుంది. దీనికి నాటమైసిన్ వంటి వేరే మందు కావాలి. ఏ క్రిమి అన్నది పుండు గీరి సూక్ష్మదర్శినిలో చూస్తే తెలుస్తుంది. విశాఖపట్నంలో ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి, హనుమంతవాకలో ఎల్.వి.ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉన్నాయి. దెబ్బ తగిలిన కన్ను మర్నాటికీ ఎర్రగా ఉన్నా, తెల్లచుక్క కనిపించినా, ముందు దగ్గరలోని కంటి డాక్టరుకు చూపించుకోవాలి. కన్ను నలపరాదు.

పువ్వు పడ్డ కంటికి చనిపోయినవారి కార్నియా అతికించవచ్చు. 1905లో జిర్మ్ అనే డాక్టరు, సున్నం పడి చూపు పోయిన ఒక కూలీకి పరాయి కార్నియా అతికించి చూపు తెప్పించాడు. రక్తనాళాలు లేని పొర గనుక పరాయి ముక్కను తెల్లకణాలు అంత తొందరగా పసిగట్టవు. పుండు ముదిరి నాళాలు లోపలికి పాకిన కంటికి మాత్రం ఆ రక్షణ పోతుంది. అతికించిన పొర నిలవడం కష్టమవుతుంది.