మీకు తెలుసా? వాల్వు తిప్పే మనిషికీ ఒక పద్దు ఉంది

ఊరికి మంచినీళ్ల పథకం వస్తోందంటే అందరికీ గుర్తొచ్చేవి గొట్టాలు, మోటార్లు, ఎత్తయిన ట్యాంకు. ఆ ట్యాంకు వాల్వు తిప్పే మనిషికి పని నేర్పడానికి కూడా సర్కారు లెక్కల్లో విడిగా ఒక పద్దు ఉందని, ఆ డబ్బుతో నేర్పే పని స్వచ్ఛంద సంస్థలు చేపట్టవచ్చని మీకు తెలుసా?

2019 ఆగస్టు 15న ప్రకటించిన జల్ జీవన్ మిషన్‌కు అప్పటి అంచనా వ్యయం 3.60 లక్షల కోట్ల రూపాయలు. పల్లెలో ప్రతి ఇంటికీ కుళాయి, మనిషికి రోజుకు 55 లీటర్లు అన్నది లక్ష్యం. మార్గదర్శకాల ప్రకారం కేటాయింపులో 5 శాతం దాకా సహాయక కార్యక్రమాలకు, 2 శాతం దాకా నీటి నాణ్యత పరీక్షలకు ఖర్చు పెట్టవచ్చు. గ్రామ నీటి కమిటీని నిలబెట్టడం, సభ్యులకు లెక్కలు నేర్పడం, ఆపరేటర్లకు, ఆడవాళ్లకు శిక్షణ ఇవ్వడం ఈ సహాయక పనుల్లోవే. వీటిని చేసిపెట్టే సంస్థలకు ‘అమలు సహాయక సంస్థలు’ అని పేరు. స్వచ్ఛంద సంస్థలు, ట్రస్టులు, మహిళా సంఘాల సమాఖ్యలు అందుకు అర్హులు. నూటికి అయిదు రూపాయలే కదా అనుకోవద్దు. మిగతా తొంభై అయిదు రూపాయల పని నాలుగేళ్లయినా నిలుస్తుందా లేదా అన్నది చాలావరకు ఈ అయిదు రూపాయలను ఎలా ఖర్చు పెట్టారన్న దాన్ని బట్టే ఉంటుంది.

ఇదే మిషన్ కింద ప్రతి ఊళ్లో అయిదుగురు ఆడవాళ్లకు నీటి పరీక్ష నేర్పాలి. వాళ్ల చేతికిచ్చే చిన్న పెట్టెతో క్లోరిన్, ఫ్లోరైడ్, నైట్రేట్, ఇనుము, గట్టిదనం వంటివి ఊళ్లోనే చూసుకోవచ్చు. మలంతో కలుషితమైన నీళ్లని పసిగట్టే సీసా కూడా ఒకటుంది. అందులో నీళ్లు పోసి ఒకటి రెండు రోజులు ఉంచితే, సూక్ష్మజీవులున్న పక్షంలో నీళ్లు నల్లబడతాయి. చదువు పెద్దగా రాని ఆవిడ కూడా ఆ నలుపును చూసి ‘ఈ నీళ్లు తాగొద్దు’ అని చెప్పగలదు. అయితే ఆ మాట పంచాయతీ వినాలి, విని ఏదో ఒకటి చెయ్యాలి. అందుకే కమిటీకీ శిక్షణ కావాలి.

చెంచాడు పొడి, అరగంట ఓపిక

వెయ్యి లీటర్ల నీళ్లని శుద్ధి చెయ్యడానికి నాణ్యమైన బ్లీచింగ్ పౌడర్ రెండున్నర గ్రాములు చాలు. లక్ష లీటర్ల ట్యాంకుకు పావు కిలో. ఇంత తేలిక లెక్క ఎక్కడ తప్పుతుంది?

మొదటి తప్పు నిల్వలో. తాజా పౌడర్‌లో మూడో వంతుదాకా క్లోరిన్ ఉంటుంది. సంచి మూతి విప్పి తేమ తగిలేచోట పెడితే వారం వారం ఆ బలం తగ్గిపోతుంది. ఆపరేటర్ మాత్రం మొదటిరోజు వేసినంతే వేస్తూ ఉంటాడు. రెండోది, పొడిని నేరుగా ట్యాంకులో పొయ్యడం. బకెట్టులో కలిపి, సున్నం అడుగున తేరాక, పైనున్న తేట నీళ్లే ట్యాంకులో పొయ్యాలి. మూడోది తొందర. క్లోరిన్ పని చెయ్యడానికి కనీసం అరగంట కావాలి; పౌడర్ కలిపిన మరుక్షణమే వాల్వు తిప్పితే ట్యాంకు పక్కనున్న వీధికి వాసన వస్తుంది, శుద్ధి మాత్రం జరగదు.

ఇక ఎంత వేశామన్న దానికన్నా ఆఖరి ఇంటి కుళాయి దగ్గర ఎంత మిగిలిందన్నదే అసలు పరీక్ష. భారత ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం అక్కడ లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలి. చాలా ఊళ్లలో పరీక్ష ట్యాంకు కిందే అయిపోతుంది. చివరి వీధిలో, గొట్టం మురుగు కాలువను దాటి వెళ్లే చోట, ఒకసారి చూడండి. అక్కడే తెలుస్తుంది. ఇదంతా కష్టమైన విద్య కాదు, ఒక పూటలో నేర్పవచ్చు. ఆ ఒక పూట ఎవరూ కేటాయించకపోవడం వల్ల పిల్లలకు వాంతులు, విరేచనాలు అవుతున్నాయంటే నాకు కోపం వస్తుంది.

ఓడన్‌తురై కరెంటు బిల్లు

తమిళనాడు కోయంబత్తూరు జిల్లాలో మేట్టుపాళయం పక్కనే, కారమడై యూనియన్‌లో ఓడన్‌తురై అనే పంచాయతీ ఉంది. మంచినీళ్ల మోటార్ల కరెంటు బిల్లు ఆ పంచాయతీకి గుదిబండ అయింది. అప్పటి అధ్యక్షుడు ఆర్. షణ్ముగం బిల్లు తగ్గించాలని ఒకరిని బతిమాలే బదులు, కరెంటు ఎలా తయారవుతుందో నేర్చుకునే పని పెట్టుకున్నారు. 2003లో కట్టెల వ్యర్థాలతో నడిచే 9 కిలోవాట్ల గ్యాసిఫయర్ పెట్టి దానితో నీళ్లు తోడారు. 2006లో పంచాయతీ సొంతంగా 350 కిలోవాట్ల గాలిమర కొన్నది. ఖర్చు 1.55 కోట్లు, అందులో 40 లక్షలు పంచాయతీ పొదుపు, 1.15 కోట్లు బ్యాంకు అప్పు. గాలిమర ఉన్నది ఊళ్లో కాదు, గాలి బాగా వీచే ఉడుమలైపేట వైపు. దాని కరెంటు గ్రిడ్డులో కలుస్తుంది, ఊరి వాడకం అందులోంచి తీసేస్తారు, మిగిలింది విద్యుత్ బోర్డుకు అమ్ముతారు.

దేశవిదేశాల నుంచి బృందాలొచ్చి చూసి వెళ్లిన ఊరిది. వచ్చినవాళ్లు గాలిమర ఫోటో తీసుకుంటారు. నాకు మాత్రం పంచాయతీ లెక్కల పుస్తకం ముఖ్యం. నీళ్ల పథకాన్ని చంపేది ఎక్కువగా కరెంటు బిల్లే. నెలకు ఎన్ని యూనిట్లు పోతున్నాయి, ఇంటికి ఎంత పన్ను వేస్తే సరిపోతుంది, మోటారు పాతబడితే ఎంత అదనంగా కరెంటు తింటుంది అన్నది కమిటీకి తెలియని చోట ఎంత మంచి పథకమైనా మూలపడుతుంది. శిక్షణ గ్రాంటుల్లో పంపు మరమ్మతుకు ఇచ్చినంత చోటు ఈ పద్దుల లెక్కకూ ఇవ్వాలి.

మేట్టుపాళయం రోడ్డు మీద మురుగు పాఠం

కోవై (కోయంబత్తూరు) నుంచి మేట్టుపాళయం వచ్చే దారిలో నరసింహనాయకన్‌పాళయం, పెరియనాయకన్‌పాళయం దాటుతాం. బస్సులో వెళ్లేవాళ్లకు ఇవి మిల్లులు, యంత్రాల కర్మాగారాలు, రామకృష్ణ మిషన్ విద్యాలయం ఉన్న ఊళ్లు. తమిళనాడు మురుగు నిర్వహణ పాఠం నేర్చుకున్న ఊళ్లు కూడా ఇవేనని చాలామందికి తెలియదు.

2015లో బిల్ అండ్ మెలిందా గేట్స్ ఫౌండేషన్ ఆర్థిక సాయంతో తమిళనాడు పట్టణ పారిశుద్ధ్య సహాయ కార్యక్రమం మొదలైంది. ముందుగా చేసి చూపడానికి ఎంచుకున్నవి తిరుచిరాపల్లి నగరం, ఈ రెండు పట్టణ పంచాయతీలు. బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ హ్యూమన్ సెటిల్‌మెంట్స్ ముందు నడిచింది. దానితో కలిసినవి సీడీడీ సొసైటీ, తిరుచిరాపల్లి గ్రామాలయ, మేట్టుపాళయం నుంచి ఘాటు రోడ్డెక్కితే వచ్చే కోటగిరిలోని కీస్టోన్ ఫౌండేషన్. అన్నీ లాభాపేక్ష లేని సంస్థలే. ఒక పెద్ద గ్రాంటు, నాలుగు సంస్థలు, ఒక రాష్ట్ర ప్రభుత్వం. ఎవరికి చేతనైన పని వాళ్లు పంచుకున్నారు.

వాళ్లు శిక్షణ ఇచ్చిన వాళ్లలో తాపీ మేస్త్రీలు కూడా ఉన్నారు. అక్కడే ఈ కార్యక్రమం తెలివి కనబడుతుంది. మనం సెప్టిక్ ట్యాంకు అని పిలిచేది చాలా ఇళ్లలో అడుగున గచ్చు వెయ్యని గుంత. అసలైన సెప్టిక్ ట్యాంకుకు నీరు ఇంకని గోడలు, అడుగు, మధ్యలో అడ్డుగోడ ఉండాలి. బయటికొచ్చే నీళ్లకి ఇంకుడు ఏర్పాటు ఉండాలి. రెండు మూడేళ్లకొకసారి మడ్డి తీయించాలి. ఇంటివాళ్లకు ఇది తెలియదు, తెలిసినా గట్టిగా అడగలేరు. కట్టేది మేస్త్రీ. అతనికి నేర్పితే అతను కట్టబోయే ప్రతి ఇంటికీ నేర్పినట్టే. పక్కింటి బోరుబావిలోకి మీ గుంత మురుగు చేరకుండా ఆపేది అతని చేతిలోని తాపీ.

ఇలా దారి చూపిన ఊళ్లు ఇంకా ఉన్నాయి. 2015లో కర్ణాటకలోని దేవనహళ్లిలో సెప్టిక్ ట్యాంకు మడ్డిని శుద్ధి చేసే కేంద్రం వచ్చింది. తమిళనాడులో 2017లో కరుంగుళిలో. తెలుగునాట వరంగల్ నగరం 2016లోనే ఈ మడ్డిని ఎక్కడ పొయ్యాలి, ఎవరు తియ్యాలి అన్నదానికి నిబంధనలు చేసుకుంది. హైదరాబాదులోని అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ అందుకు తోడ్పడింది.

ఇంట్లో తెలుగు మాట్లాడే కార్మికులు

కోవై, మేట్టుపాళయం చుట్టుపక్కల పారిశుద్ధ్య పనిలో ఉన్నవాళ్లలో ఎక్కువమంది అరుంధతీయులు. వాళ్లలో చాలా కుటుంబాల ఇంటిభాష తెలుగే. ఈ నేల మీద తెలుగువాళ్ల గురించి రాసేటప్పుడు మిల్లు యజమానుల పేర్లు చెప్పుకుని, ఈ తెలుగువాళ్లని మరచిపోతే ఆ చరిత్ర సగమే.

సెప్టిక్ ట్యాంకులో పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు మొదట కుళ్లిన గుడ్డు వాసన వేస్తుంది. గాలిలో పది లక్షల పాళ్లకు 100 పాళ్లు దాటేసరికి ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు. ‘వాసన పోయింది, ఇక భయం లేదు’ అని దిగినవాడు తిరిగి రాడు. అతన్ని కాపాడబోయి దిగినవాడూ రాడు. రక్షణ సామగ్రి, జాగ్రత్తలు లేకుండా మనిషిని దింపడం 2013 నాటి పాకీపని నిషేధ చట్టం కింద నేరం. ఇలాంటి మరణాలకు పరిహారం 30 లక్షల రూపాయలకు పెంచుతూ 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఈ పోరాటాన్ని ఏళ్ల తరబడి నడిపిన సఫాయి కర్మచారీ ఆందోళన్ నాయకుడు, 2016లో రామన్ మెగసెసే పురస్కారం అందుకున్న బెజవాడ విల్సన్ కూడా ఇలాంటి ప్రవాస తెలుగు కుటుంబం నుంచే, కోలారు బంగారు గనుల నుంచి వచ్చారు. 2023లో కేంద్రం మొదలుపెట్టిన ‘నమస్తే’ పథకంలో ఈ కార్మికుల గుర్తింపు, రక్షణ సామగ్రి, శిక్షణ ఉన్నాయి. మీ ఇంట్లో ట్యాంకు నిండితే పిలవాల్సిన నంబరు 14420. మనిషిని కాదు, మడ్డి తోడే లారీని పిలవండి.

కార్మికులకు శిక్షణ ఇచ్చే సంస్థలకు నాదొక మనవి. వాళ్లకు తమిళం బాగా వస్తుంది, నిజమే. కానీ ఇంటి దగ్గర భార్యకూ అమ్మకూ కూడా ఈ వాయువు సంగతి తెలియాలి, ‘దిగొద్దు’ అని ఆపే గొంతు అక్కడి నుంచే రావాలి. కూర్చోబెట్టి చెప్పే ఆ గంట పాఠం తెలుగులో చెప్పండి.

గ్రాంటు కావాలంటే

అమెరికాలో ఇలాంటి శిక్షణ గ్రాంటులకు పాత చరిత్ర ఉంది. పది వేలలోపు జనాభా ఉన్న ఊళ్ల నీటి, మురుగు వ్యవస్థలకు సాంకేతిక సాయం, శిక్షణ ఇచ్చే లాభాపేక్ష లేని సంస్థలకు అక్కడి వ్యవసాయ శాఖ నేరుగా గ్రాంటులిస్తుంది. ఊరూరూ తిరిగి ఆపరేటర్ పక్కన నిలబడి పని నేర్పే మనుషుల్ని 1980 నుంచి నడుపుతున్నారు. తరగతి గదిలో కాకుండా చెడిపోయిన పంపు దగ్గరే పాఠం చెప్పడం వాళ్ల పద్ధతి.

మన రాయలసీమ, పాలమూరు, నల్గొండ రైతులు ఇంకో మెట్టు పైకెక్కారు. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో నంద్యాలకు చెందిన ‘బర్డ్స్’ సంస్థ, మరికొన్ని స్వచ్ఛంద సంస్థలు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఏడు కరవు జిల్లాల్లో రైతులకు వాన కొలవడం, బావిలో నీటిమట్టం కొలవడం నేర్పాయి. ఏటా పంట పెట్టేముందు ఊరంతా కూర్చుని నీళ్ల బడ్జెట్ వేసుకున్నారు. ఇంజినీరు చెప్పే అంకెను రైతే తీసి చూపించాడు.

ఇక్కడ గ్రాంటు కోరే సంస్థకు కొన్ని కాగితాలు తప్పవు. సర్కారు డబ్బుకు నీతి ఆయోగ్ దర్పణ్ పోర్టల్ నమోదు అడుగుతారు. కంపెనీల సామాజిక బాధ్యత నిధులకు 2021 ఏప్రిల్ నుంచి సీఎస్ఆర్-1 ఫారం తప్పనిసరి. సురక్షిత తాగునీరు, పారిశుద్ధ్యం కంపెనీల చట్టం ఏడో షెడ్యూల్లోనే ఉన్నాయి, దగ్గరి ప్రాంతానికి మొదటి చోటు ఇవ్వాలని చట్టమే చెబుతోంది. కోవైలాంటి పరిశ్రమల ఊరు పక్కన ఇది చిన్న అవకాశం కాదు. విదేశీ నిధులైతే 2020 సవరణ తర్వాత పాలనా ఖర్చు 20 శాతం మించకూడదు, వచ్చిన డబ్బును మరో సంస్థకు బదలాయించకూడదు. ఒక ఊరట ఉంది: ప్రధానంగా శిక్షణ పనే చేసే సంస్థలో శిక్షకుల జీతాలు ఆ పాలనా ఖర్చు కిందికి రావు. ఈ సంగతి తెలియక బోధకుల్ని తగ్గించుకుంటే నష్టపోయేది శిక్షణే.

తమిళనాడులో గ్రామసభలు ఇప్పుడు ఏటా ఆరు. కొత్తగా చేర్చిన రెండు రోజుల్లో ఒకటి మార్చి 22, ప్రపంచ నీటి దినం. ఆ రోజు సభకు వెళ్లి అడగండి: మన ఊరి నీటి కమిటీ సభ్యులెవరు, సగం మంది ఆడవాళ్లున్నారా? నీటి పరీక్ష నేర్చుకున్న అయిదుగురి పేర్లేవి, వాళ్ల పెట్టె ఎక్కడుంది? ట్యాంకు ఆపరేటర్‌కు చివరిసారి శిక్షణ ఇచ్చిందెవరు? ఆఖరి వీధి కుళాయి దగ్గర పోయిన నెల క్లోరిన్ ఎంత తేలింది? జవాబులు తీర్మానాల పుస్తకంలో రాయించండి. రేపు ఏ సంస్థ అయినా గ్రాంటుకు దరఖాస్తు పెట్టేది ఆ రాసినదాన్ని చూపించే.