గుర్రపు స్వారీ – తనతో తనకే పోటీ

హట్ లోయలో పెరుగుతున్న మన పిల్లలకు పోనీ క్లబ్బు కొత్త మాట కాదు. స్వారీ నేర్చుకుంటామని వాళ్ళు అడిగితే మనకు ముందు భయం, తర్వాత ప్రైజుల మీద ఆశ. నిజానికి స్వారీలో పోటీ పక్కవాళ్ళతో కాదు, నిన్నటి తనతో.

డెన్మార్కుకు చెందిన లిస్ హార్టెల్‌కు 1944లో, 23వ ఏట, గర్భవతిగా ఉండగా పోలియో సోకింది. మోకాళ్ళ కింద కాళ్ళు శాశ్వతంగా చచ్చుబడ్డాయి. ముందు పాకడం, తర్వాత చంకకర్రలతో నడక, ఆ తర్వాతే జీను. గుర్రం ఎక్కడానికీ దిగడానికీ మనిషి సాయం కావలసిందే. అయినా 1952 హెల్సింకీ ఒలింపిక్స్ డ్రెసాజ్ పోటీలో పురుషులతో తలపడి రజతం గెలిచారు. 1956లో మళ్ళీ రజతమే.

న్యూజీలాండ్‌వాసి మార్క్ టాడ్ ఆరడుగులు దాటిన మనిషి. ఆయన గుర్రం కరిజ్మా పొట్టిది. ఆ జంటే 1984లోనూ 1988లోనూ ఒలింపిక్ స్వర్ణాలు గెలిచింది. 2000లో విరమించిన టాడ్ 2008లో తిరిగివచ్చి, 56వ ఏట, 2012 లండన్‌లో జట్టుతో కాంస్యం అందుకున్నారు.

మన పిల్లలకు ఇంత దూరపు గురి అక్కరలేదు. గురువుగారి ఎదుట రికాబులు వదిలి నాలుగు చుట్లు కుదురుగా కూర్చోవడం ఈ నెల గురి. నేలమీద పరచిన కర్రలు దాటడం వచ్చే నెలది. పడితే దెబ్బ చూసుకుని, గురువుగారు సరేనంటేనే మళ్ళీ ఎక్కాలి. హెల్మెట్ లేనిదే జీను తాకరాదు.

ఇంటికి వచ్చాక "ఎన్నో స్థానం?" అనకుండా, "ఇవాళ కొత్తగా ఏం కుదిరింది?" అని అడుగుదాం. భయపడ్డామని చెప్పినా శ్రద్ధగా విందాం.