ఆవు చేతిలో ఓడినవాళ్లం

పోకెమాన్ అనే జీవుల్ని పట్టి, పెంచి, పోరాడించే వీడియో ఆటలు నానాటికీ సులువైపోతున్నాయని పాత ఆటగాళ్లు గోలపెడుతుంటారు. పిల్లలేమో ఇప్పటికీ అక్కడక్కడా ఏడుస్తూనే ఉన్నారు. ఇంతకీ కష్టం ఎక్కడుంది?

వేసవి సెలవులకు డాలస్ నుంచి వచ్చిన మా మేనల్లుడు సోఫాలో కాళ్లు ముడుచుకుని పోకెమాన్ ఆడుతున్నాడు. ఒళ్లో స్విచ్, ఎడమ చేతిలో జంతిక, కళ్లు టీవీలో క్రికెట్ మీద. కుడి బొటనవేలు మాత్రం ఒకే బటన్‌ని నొక్కుతూ పోతోంది.

‘‘ఎదురుగా ఎవరున్నారో కూడా చూడవా?’’ అన్నాను.

‘‘అక్కర్లేదు మామయ్యా, మనం పది లెవెల్స్ పైనున్నాం.’’

నాకు ఒళ్లు మండింది. అటక మీద పెట్టెలోంచి పాత గేమ్ బాయ్ కలర్ తీశాను. 1999లో జపాన్‌లో విడుదలైన ‘గోల్డ్’ అందులో ఉంది. ఆ కార్ట్రిడ్జ్ లోపలి బ్యాటరీ అయిపోతే ఆట సేవ్ అవదు. అందుకే ఆమధ్య అబిడ్స్ జగదీశ్ మార్కెట్‌లో కొత్తది టంకం పెట్టించి దాచుకున్నాను. ‘‘ఇది ఆడు చూద్దాం’’ అని వాడి చేతిలో పెట్టాను.

మూడో రోజుకి వాడు గోల్డెన్‌రాడ్ చేరాడు. ఓడిస్తే బ్యాడ్జ్ ఇచ్చే అక్కడి జిమ్ లీడర్ విట్నీ. గులాబీ రంగు జుట్టున్న ఆ పిల్లని చూసి ఎవరూ భయపడరు. ఆమె దగ్గరున్నవీ రెండే. రెండోది మిల్‌ట్యాంక్ అనే పాడియావు, లెవెల్ 20. అది ముద్దలా చుట్టుకుని దొర్లుతూ వచ్చి గుద్దుతుంది. ‘రోలౌట్’ అనే ఆ దెబ్బ బలం మొదట 30. గురి తప్పకపోతే 60, 120, 240, అయిదోసారికి 480. సందు దొరికితే తన పాలు తానే తాగి సగం ప్రాణం తెచ్చుకుంటుంది. ఇది చాలదన్నట్టు ‘అట్రాక్ట్’ వేసి మగ పోకెమాన్‌లను మోహంలో పడేస్తుంది. పడ్డది సగంసార్లు చెయ్యెత్తదు. ఆట మొదట్లో మనకిచ్చే పోకెమాన్ ఎనిమిదింట ఏడుసార్లు మగదే. అసలు ఆడా మగా తేడా ఈ సిరీస్‌లోకి వచ్చిందే ఆ ఆటతో. ముందు ఆటని కంఠతా పట్టినవాళ్లు కూడా ఆ ఆవు ముందు కొత్తవాళ్లే అయ్యారు.

మావాడు నాలుగుసార్లు ఓడిపోయాడు. ‘‘ఆవేంటి మామయ్యా, ఇలా కొడుతోంది!’’ టీవీలో ఎవరు అవుటయ్యారో వాడికి తెలీదు. జంతికలు అలాగే ఉన్నాయి.

తెలిస్తే సులువు

1996 ఫిబ్రవరి 27న జపాన్‌లో వచ్చిన ‘రెడ్’, ‘గ్రీన్’లతో ఇదంతా మొదలైంది. అప్పుడున్నవి 151 పోకెమాన్‌లు, 15 రకాలు. ఇప్పుడు పోకెమాన్‌లు వెయ్యి దాటాయి, రకాలు 18. ఏ రకం దేన్ని కొడుతుందో పట్టిక గీస్తే 324 గళ్లు. ఎక్కాల పుస్తకం మనకి ఎంత భయమో, కొత్త పిల్లాడికి ఈ పట్టిక అంత.

మొదటి ఆటలో కష్టం ఎంతుండాలో ఎంచుకునే మెనూ లేదు. కానీ నిజానికి ఎంపిక ఉంది, ప్రొఫెసర్ ఓక్ బల్ల మీద. అక్కడున్న మూడు బంతుల్లో ఆకు జాతి బల్బసార్‌నో, నీటి జాతి స్క్విర్టిల్‌నో తీసుకుంటే మొదటి జిమ్‌లో బ్రాక్ రాళ్ల మీద దెబ్బ నాలుగు రెట్లు పడుతుంది. ముద్దుగా ఉందని నిప్పుతోక చార్మండర్‌ని తీసుకున్నవాడికి సగమే. ‘యెల్లో’లో అయితే చేతికిచ్చేదే పికాచు. దాని కరెంటు బ్రాక్ దగ్గరున్న రాతిపాము ఆనిక్స్‌కి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. అయితే మొదటి ఆటల్లో ఆనిక్స్ ఒంటికి రాతిపెంకు గట్టిదే గానీ, నిప్పూ నీళ్లూ వంటి దెబ్బలకు అది బొత్తిగా నిలబడలేదు. సగం తగ్గినా చార్మండర్ నిప్పు దాన్ని కాలుస్తుంది. ఆ సంగతి తెలిసినవాడికి బ్రాక్ దగ్గర పెద్ద ఇబ్బందేమీ లేదు. తెలియని పిల్లలు పొద్దస్తమానం అడవి పోకెమాన్‌లు దొరికే గడ్డిలో తిరిగి లెవెల్స్ పెంచుకున్నారు. పాతవాళ్లు కష్టం అని తలుచుకునేదాంట్లో చాలా భాగం ఈ గడ్డిలో తిరగడమేనని నా అనుమానం.

ఆట తయారుచేసే కంపెనీ తగ్గించినదీ ఈ తిరుగుడునే. పూర్వం మామూలుగా యుద్ధంలో దిగినవాడికే అనుభవం దక్కేది. 2013లో వచ్చిన ‘ఎక్స్’, ‘వై’ నుంచి ‘ఎక్స్‌పీ షేర్’ పెడితే జట్టు మొత్తానికీ అందుతుంది. అప్పట్లో వద్దనుకుంటే ఆపేసుకునే వీలుండేది. 2019 నాటి ‘స్వోర్డ్’, ‘షీల్డ్’కి ఆ మీట కూడా తీసేశారు. మావాడు జంతిక తింటూ గెలవడానికి కారణం ఇదే. ఉద్యోగం, పిల్లలు ఉన్న నాలాంటివాడికి గడ్డిలో తిరిగే తీరిక లేదు కాబట్టి ఈ మార్పుని తిట్టలేను. ఆ మీట తీసేయడం మాత్రం అన్యాయమే.

మధ్యలో ఒక్కసారి, 2012లో, ‘బ్లాక్ 2’లో కష్టం పెంచే ఛాలెంజ్ మోడ్ పెట్టారు. దాని తాళంచెవి దొరికేది ఆట పూర్తిచేశాకే! సులువు మోడ్ కావాలన్నా ‘వైట్ 2’ గెలిచి రావాలి. పరీక్ష రాశాక హాల్‌టికెట్ ఇచ్చినట్టు. ప్రధాన ఆటల్లో ఆ ప్రయోగం మళ్లీ చేయలేదు.

అలాగని కొత్తవన్నీ పాయసం తాగినంత తేలికా అంటే కాదు. 2017 నాటి ‘అల్ట్రా సన్’, ‘అల్ట్రా మూన్’లో లెవెల్ 60 అల్ట్రా నెక్రోజ్మా యుద్ధం మొదలవగానే తన శక్తులన్నీ పెంచుకుని మీద పడుతుంది. 2022 నాటి ‘స్కార్లెట్’, ‘వయొలెట్’లో జిమ్‌లకు ఏ వరసలోనైనా వెళ్లొచ్చు. కానీ మనని బట్టి వాటి లెవెల్ మారదు. ఒకచోట 15 దాకానే, మంచుకొండ మీద 48 దాకా. దారితప్పి ముందే కొండెక్కినవాడి గతి అధోగతే.

స్వయంగా పెట్టుకున్న దీక్ష

మన దగ్గర లెక్క వేరు. చాలామందికి పోకెమాన్ అంటే టీవీ కార్టూన్, చిప్స్ ప్యాకెట్‌లో దొరికే బిళ్లలు. ఆట చేతికొచ్చేసరికి ఇంజినీరింగ్ హాస్టల్, పాత ఆటల్ని ఫోన్‌లో నడిపే ఎమ్యులేటర్. అందులో వేగం పెంచుకోవచ్చు. ఓడితే నిమిషం వెనక్కి వెళ్లొచ్చు. ‘పిల్లలాట, ఏముంది అందులో’ అనే హాస్టల్ మేధావి అబద్ధం చెప్పడంలేదు. వాడు ఆడింది వేరే ఆట.

ఇక పట్టిక కంఠతా వచ్చేసినవాళ్ల సంగతి. 2010లో ఒక అమెరికన్ విద్యార్థి ‘రూబీ’ ఆడుతూ, తనకి తానే రెండు నియమాలు పెట్టుకుని ఆ కథని బొమ్మల్లో గీశాడు. ప్రతి చోటా మొదట ఎదురైన పోకెమాన్‌నే పట్టాలి. స్పృహ తప్పితే అది చనిపోయినట్టే, వదిలేయాలి. దానికి ‘నజ్‌లాక్’ అని పేరు. ఏకభుక్తం, నేల పడక లాంటి దీక్ష ఇది. ఎవరూ అడగలేదు, తప్పితే శిక్షా లేదు. అయినా ప్రపంచమంతా పట్టుకున్నారు. దీక్షలో ఉన్నవాడికి దారిన పోయే ఎలుక కూడా యముడిలా కనిపిస్తుంది.

ఎదుట మనిషి కూర్చుంటే ఇక నియమాలు అక్కర్లేదు. 2014 వాషింగ్టన్ ప్రపంచ పోటీల్లో కొరియా కుర్రాడు సె జున్ పార్క్ పచిరిసు అనే ఉడుతని తీసుకొచ్చాడు. ఎవరూ పట్టించుకోని జీవి. పక్కవాడికి తగలాల్సిన దెబ్బలన్నీ అది తన మీదికి లాక్కుంటుంటే పార్క్ కప్పు కొట్టుకుపోయాడు. బ్రాక్‌ని ఓడించే చిట్కా ఉంది గానీ, పార్క్‌ని ఓడించడానికి అలాంటిదేమీ లేదు.

అయిదోసారి మావాడు ఊళ్లో తిరిగి, డిపార్ట్‌మెంట్ స్టోర్‌లో ఒకతనితో మార్పిడి చేసుకుని మచాప్ అనే ఆడ పోకెమాన్‌ని సంపాదించాడు. నేను చెప్పలేదు, ఒట్టు. ఆవు పడిపోయింది. వాడు సోఫా మీద లేచి గెంతాడు. విట్నీ మాత్రం బ్యాడ్జ్ ఇవ్వకుండా భోరుమని ఏడవడం మొదలెట్టింది.

‘‘గెలిచాను కదా మామయ్యా, ఇవ్వదేంటి?’’

నేను జంతికల డబ్బా నా వైపు లాక్కున్నాను.