నూకలు, తవుడు, ఒక పెట్టపిల్ల

"తాతయ్యా, కోడికి జ్వరం వచ్చింది. ఒళ్లు కాలిపోతోంది."

తాడేపల్లిగూడెం నుంచి మనవరాలి ఫోను. అప్పటికింకా తెల్లారలేదు. రాత్రంతా కురిసిన వాన ఏలూరులో అప్పుడే తెరిపిచ్చింది.

"అమ్మడూ, పక్కనున్న మంచి కోడిని కూడా ఒకసారి పట్టుకుని చూడు" అన్నాను.

కాసేపటికి వచ్చి, "దానికీ కాలుతోంది తాతయ్యా!" అంది మరింత కంగారుగా.

కోడి ఒళ్లు ఎప్పుడూ అంతే. మనకు 37 డిగ్రీల సెల్సియస్ ఎలాగో దానికి 41 అలాగ. పాత లెక్కలో చెప్పాలంటే 106 డిగ్రీలు. మనిషైతే ఐసు పెట్టి ఆసుపత్రికి పరుగెత్తాల్సిన వేడి, కోడికి మామూలు ఆరోగ్యం. అందుకని చెయ్యి పెట్టి చూసి కోడికి జ్వరమని చెప్పడం మన వల్ల కాదు.

"ఎన్ని చచ్చిపోయాయి?" అని అడిగాను.

"చావలేదు తాతయ్యా. ఆరింటిలో ఒక్కటే ముడుచుకుని కూర్చుంది. కునుకుతోంది."

ఆ మాట విన్నాక గుండె కుదుటపడింది. ప్యాసింజరు బండెక్కాను.

చావుల లెక్క ముందు ఎందుకు అడిగానో చెప్పాలి. భీమడోలు, పూళ్ల దాటాక ఆ దారిలో బాదంపూడి వస్తుంది. 2025 ఫిబ్రవరిలో ఆ ఊళ్లోని కోళ్లఫారంలో బర్డ్ ఫ్లూ అని తేలింది. తణుకు మండలం వేల్పూరులోనూ, పెరవలి మండలం కానూరులోనూ అప్పుడే అదే కబురు. నమూనాలు భోపాల్ ప్రయోగశాలకు వెళ్లాయి, ఫారాల చుట్టూ ఆంక్షలు పెట్టారు, కోళ్లను గోతులు తీసి పాతిపెట్టారు. ఆ వైరస్ అడవి బాతుల్లో చాలాసార్లు ఏ జబ్బూ చూపించకుండానే తిరుగుతుంటుంది. శీతాకాలం కొల్లేటికి దూరదేశాల బాతులు దిగుతాయి. వాటిని తప్పుపట్టి ప్రయోజనం లేదు. వాటి రెట్ట పడే కాలవ నీళ్లు మన కోళ్లు తాగకుండా చూసుకోవడం మన చేతిలో ఉంది. ఒకేసారి మూడు నాలుగు కోళ్లు పడిపోయినా, తల వాచినా, జుట్టు నీలం తిరిగినా వాటిని చేత్తో తాకవద్దు. కోసుకోవద్దు. కాలవలోకి విసరవద్దు. 1962కు ఫోను చేస్తే పశువైద్య సిబ్బంది ఏం చేయాలో చెబుతారు.

ఇక్కడ అలాంటిదేమీ లేదు. రెండు నెలల క్రితం సైకిలు మీద గంప పెట్టుకుని వచ్చినతని దగ్గర మనవరాలు ఆరు వనరాజా పిల్లల్ని కొంది. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసమే తయారుచేసిన రకం అది. మనవరాలు ఇంతకుముందు కోడిని ముట్టుకుని కూడా ఎరగదు. అయినా మనసుపడి తెచ్చుకుంది.

నేను వెళ్లేసరికి ఆ పెట్టపిల్ల గూటి మూల ఈకలు ఉబ్బించుకుని, మెడ ఒంట్లోకి లాక్కుని, కళ్లు సగం మూసుకుని ఉంది. ఈకలు ఉబ్బించుకోవడం చలికి మనం దుప్పటి కప్పుకోవడం లాంటిది. ఈకల మధ్య గాలి నిలిచి వేడి బయటికి పోకుండా కాస్తుంది. మిగతా ఐదూ దాన్ని పొడుస్తున్నాయి. రోగం బయటపెట్టిన పక్షికి లోకంలో చోటు ఉండదు. గద్ద కన్ను దాని మీదే పడుతుంది, తోటి కోడి కూడా ఊరుకోదు. అందుకే కోడి తన జబ్బును ఓపిక ఉన్నంతకాలం దాచుకుంటుంది. అది కునుకుతూ మనకు కనబడిందంటే జబ్బు నిన్న మొన్నటిది కాదన్నమాట.

"ముందు దీన్ని వేరు చెయ్యి" అన్నాను. అట్టపెట్టెలో పొడి గోనెసంచి పరిచి, వంటింటి పక్క గాలి కొట్టని చోట పెట్టాం.

అప్పుడు దాన్ని ఒళ్లో పెట్టుకుని చూశాను. కోడిని గట్టిగా అదిమి పట్టుకోకూడదు. మనకు ఊపిరి తీసేటప్పుడు సాయపడే కండరపు తెర పొట్టకీ రొమ్ముకీ మధ్య ఉంటుంది. కోడికి అది లేదు. రొమ్ము ముందుకీ వెనక్కీ కదిలితేనే దానికి గాలి ఆడుతుంది. పిల్లలు ప్రేమగా నొక్కి పట్టుకుంటే ఊపిరాడక పోతుంది.

మెడ కింద మేతసంచి తడిమితే ఖాళీగా, ఒట్టి తోలులా తగిలింది. జుట్టు ఇంకా చిన్నదే గానీ ఎర్రదనం పోయి పాలిపోయింది. రొమ్ముటెముక అంచు వేలికి కత్తిలా తగిలింది. గూట్లో రెట్ట ఏదని వెతికాను. కోడి మూత్రం విడిగా పోయదు, రెట్ట మీద సున్నంలా ఉండే తెల్లటి భాగమే దాని మూత్రం. రోజులో రెండు మూడుసార్లు ముదురు గోధుమరంగులో జిగురుగా, కంపుగొట్టే రెట్ట కూడా వేస్తుంది. కొత్తగా పెంచేవాళ్లు అది చూసి బెదిరిపోతారు. అది కోడికి ఉండే రెండు గుడ్డిపేగుల నుంచి వచ్చేది, మామూలే. ఇక్కడ కనబడింది మాత్రం మామూలు కాదు. తడిసిన ఊక మీద ఎర్రటి చారలు. నెత్తురు.

రక్తపారుడు. డాక్టర్లు కాక్సిడియోసిస్ అంటారు. దీనికి కారణం కంటికి కనబడని ఏకకణ జీవి. దాని గుడ్లలాంటివి రెట్టలో పడతాయి. పడగానే హాని చేయవు. తడి, వెచ్చదనం, గాలి మూడూ దొరికితే ఒకటి రెండు రోజుల్లో పదునెక్కుతాయి. అప్పుడు ఇంకో కోడి మేతతో పాటు వాటిని ఏరుకు తింటే, పేగు గోడలో చేరి దాన్ని చీల్చుకుంటూ పెరుగుతాయి. మామూలు ఫినాయిలు వాటిని ఏమీ చేయలేదు. ఎండ, పొడిదనం చేస్తాయి. కొల్లేటి లంకల నుంచి గూడెం దాకా మనది తడినేల. శ్రావణంలో కోడికి పొడి జాగా చూపించడమే పెద్ద వైద్యం.

రెట్టను చిన్న డబ్బాలో పెట్టుకుని పశువుల ఆసుపత్రికి వెళ్లాం. డాక్టరుగారు అద్దపు బిళ్ల మీద పూసి సూక్ష్మదర్శినిలో చూసి, మనవరాలిని కూడా చూడమన్నారు. గుండ్రటి చిన్న చిన్న గుడ్లు. ఆంప్రోలియం అనే పొడి రాసి, ఎన్ని నీళ్లకు ఎంత కలపాలో, ఎన్ని రోజులు ఇవ్వాలో చెప్పారు. ఆరింటికీ అవే నీళ్లు పెట్టమన్నారు.

ఇంటికి రాగానే మనవరాలు ఆ నీళ్లలో ఒక సీసా ఒంపబోయింది.

"ఏంటమ్మా అది?"

"బి కాంప్లెక్స్ టానిక్కు తాతయ్యా. నీరసంగా ఉందని తెచ్చాను."

ఆపాను. మంచి మనసుతో చేసే పని మందును చెడగొట్టేది ఇక్కడే. ఎందుకో చెప్పాలంటే జావా దీవి దాకా పోవాలి.

1890ల ముందు మాట. ఇప్పటి జకార్తాను అప్పుడు బటావియా అనేవారు. అక్కడి సైనిక ఆసుపత్రిలో క్రిస్టియాన్ ఐక్‌మన్ అనే డచ్చి డాక్టరు బెరిబెరి జబ్బు మీద పనిచేస్తున్నాడు. కాళ్లు చచ్చుబడి గుండె ఆగిపోయే జబ్బు. ఆయన కోళ్లకూ కాళ్లు పడిపోయాయి. కొన్నాళ్లకు వాటంతటవే లేచి తిరిగాయి. ఆరా తీస్తే తేలిందేమిటంటే, వంటవాడు ఆసుపత్రిలో మిగిలిన పాలిష్ బియ్యపు అన్నం వాటికి పెడుతున్నాడు. అతను పోయి కొత్త వంటవాడు వచ్చాడు. సైన్యం అన్నం సైన్యానిది కాని కోళ్లకు పెట్టనన్నాడు. ముడిబియ్యం పెట్టారు. కోళ్లు బాగుపడ్డాయి. బియ్యం తెల్లగా చేసే పనిలో మనం చెరిగి పారేసే తవుడులోనే ప్రాణం నిలిపే వస్తువు ఉందని ఆ కోళ్లు చూపించాయి. దాని పేరు థయామిన్, బి1 విటమిను. ఐక్‌మన్‌కు 1929లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఈ కథ మనకు దూరంది కాదు. ఉత్తర సర్కారుల్లో బెరిబెరి ఎంత ఎక్కువంటే మాల్కమ్సన్ అనే కుంపినీ డాక్టరు 1835లోనే దాని మీద పుస్తకం రాశాడు. ఆ సర్కారుల్లో మన ఏలూరు సర్కారు ఒకటి. వడ్లు ఉడకబెట్టి ఆరబోసి ఆడించే ఉప్పుడు బియ్యంలో ఆ విటమిను గింజలోకి ఇంకి నిలుస్తుంది. పచ్చి బియ్యం తెల్లగా ఆడించి తినే చోట మనుషులు కాళ్లు పడిపోయి చనిపోయారు. దారి చూపింది జబ్బుపడిన కోళ్లే.

ఇప్పుడు ఆంప్రోలియం సంగతి. పేగులోని ఆ జీవికీ బతకడానికి థయామిన్ కావాలి. ఆంప్రోలియం రూపం అచ్చం థయామిన్‌లా ఉంటుంది. తాళంలో దూరి తిరగని దొంగ తాళంచెవి లాంటిది. అసలు తాళంచెవికి చోటు లేకుండా చేస్తుంది. పరాన్నజీవి ఆకలితో మాడిపోతుంది. కోడికి మాత్రం ఆ కొలతలో పెద్ద హాని ఉండదు. అదే నీళ్లలో మనం బి కాంప్లెక్స్ కలిపితే అసలు తాళంచెవులను గుప్పెళ్లతో అందించినట్టే. టానిక్కు మందు రోజులు అయ్యాక ఇద్దాం అని డాక్టరుగారితో ఫోనులో కూడా చెప్పించాను. అప్పటికి గానీ సీసా మూత పెట్టలేదు.

తాగని కోడికి నీళ్లు పట్టించడం ఇంకో గండం. ముక్కు తెరిచి చూపించాను. నాలుక మొదట్లో సన్నటి గీతలా ఒక రంధ్రం, తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటుంది. అది ఊపిరి గొట్టం. చెంచాతో ఒంపితే నీళ్లు సరాసరి అందులోకి పోతాయి, జబ్బుతో పోని కోడి నీళ్లతో పోతుంది. ముక్కు అంచున బొట్టు వేలాడేటట్టు పెట్టాలి. కోడే నాలుకతో అందుకుని తల పైకెత్తి మింగుతుంది. మనవరాలు సాయంత్రం దాకా గంటకోసారి అలా బొట్లు పెడుతూ కూర్చుంది.

నేను, అల్లుడు కలిసి గూట్లో తడి ఊక మొత్తం ఎత్తి తగలబెట్టాం. నేల గీకి, రెండు రోజులు ఎండ తగలనిచ్చి, కొత్త ఊక పోశాం. నీళ్ల పళ్లేన్ని రెండు ఇటుకల మీదకు ఎత్తాం, కోళ్లు అందులో రెట్ట వేయకుండా. నూకలు ఒక్కటే పెట్టడం మాని తవుడు కూడా కలపమన్నాను, మందు రోజులు అయ్యాకే.

మూడో రోజు పొద్దున్న పెట్టపిల్ల పెట్టె అంచు మీదకెక్కి నిలబడింది. మేతసంచిలో గింజలు గలగలమని తగిలాయి. వారానికి మిగతా వాటిలో కలిసింది.

ఇక మిగిలింది టీకా. కొక్కెర తెగులుకు, అదే రాణిఖెట్‌కు, మందు లేదు. టీకా ఒక్కటే కాపాడుతుంది. మొదటి వారంలో కంట్లోనో ముక్కులోనో చుక్క వేయాలి, రెండు నెలలకు రెక్క కింద సూది. జబ్బుపడిన కోడికి టీకా వేయకూడదు గనుక ఈ ఆరింటికీ కొన్నాళ్లు ఆగాల్సి వచ్చింది. ఆ సూదిమందు సీసాలో వంద కోళ్లకు సరిపడా ఉంటుంది. ఐసులో తేవాలి, కలిపాక గంటా రెండు గంటల్లో వాడేయాలి. ఆరు కోళ్ల కోసం సీసా విప్పితే మిగతాది మురుగులో పోయడమే. మనవరాలు వీధిలో తిరిగి కోళ్లున్న ఇళ్లు లెక్కపెట్టి, ఆదివారం పొద్దున్న ఏడింటికి అందరినీ తమ అరుగు దగ్గరికి రమ్మంది. మీ వీధిలో కూడా ఎవరో ఒకరు ఆ లెక్క మొదలుపెట్టండి.