20 వేలా, 20 లక్షలా?

ఆరోగ్యంగా ఉన్న రొమ్ము కణం పైపొర మీద హెర్-2 అనే గ్రాహకాలు సుమారు 20 వేలు ఉంటాయి. కొన్ని రొమ్ము క్యాన్సర్లలో అవి ఒక్కో కణం మీద 20 లక్షల దాకా చేరతాయి. వరంగల్ ఎంజీఎంలోనో, హనుమకొండలోని ఏదో నర్సింగ్ హోంలోనో ముక్క తీసి పరీక్షకు పంపితే, కొన్నాళ్లకు వచ్చే రిపోర్టులో ‘హెర్-2: 3+’ అని ఒక మూల కనిపిస్తుంది. ఆ చిన్న గుర్తు వెనక ఉన్నది ఈ నూరు రెట్ల తేడాయే. ఇంటిల్లిపాదీ ఆ కాగితంలో వెతికేది మాత్రం ‘ఏ స్టేజీ’ అనే. ఏ మందు పనిచేస్తుందో తేల్చడంలో ఈ గుర్తు స్టేజీకి ఏమీ తీసిపోదు.

సాధారణంగా కణం తనంతట తాను రెండుగా చీలదు. బయటి నుంచి వృద్ధి కారకం అనే చిన్న ప్రోటీన్ వచ్చి చెప్పాలి. అలాంటిదే ఈజీఎఫ్. దాని పొడవు 53 అమైనో ఆమ్లాలే. అది కనిపెట్టిన స్టాన్లీ కోహెన్‌కు 1986లో, రీటా లెవీ-మొంటాల్చినీతో కలిపి నోబెల్ వచ్చింది. ఈజీఎఫ్‌ను అందుకునే గ్రాహకం, ఈజీఎఫ్ఆర్, 1,186 అమైనో ఆమ్లాల పొడవుంటుంది. సగానికి పైగా కణం బయట, మిగతాది లోపల. ఈజీఎఫ్ వచ్చి అతుక్కుంటే రెండు గ్రాహకాలు జతకడతాయి. లోపలివైపు తోకలు ఒకదానికొకటి ఫాస్ఫేట్ అంటించుకుంటాయి. అక్కడి నుంచి రాస్, రాఫ్, మెక్, ఎర్క్ అనే ప్రోటీన్లు వరుసగా మేల్కొని ఆ కబురును కేంద్రకానికి చేరుస్తాయి. కణం చీలుతుంది. పని అయ్యాక గ్రాహకాన్ని కణం లోపలికి లాగేసుకుంటుంది. ఈ తీరులో పనిచేసే గ్రాహకాలు మనిషిలో 58 రకాలున్నాయి.

ఇది చెడిపోయే దారుల్లో ముఖ్యమైనవి రెండు. ఒకటి పైన చెప్పిన సంఖ్య. హెర్-2కు ఏ కారకమూ అవసరం లేదు, పక్కన తన కుటుంబంలోని ఏ గ్రాహకం దొరికినా జతకట్టేస్తుంది. అలాంటిది లక్షల్లో కిక్కిరిస్తే కబురు ఆగకుండా వెళ్తూనే ఉంటుంది. రెండోది గ్రాహకం నిర్మాణంలో తప్పు. ఈజీఎఫ్ఆర్ జన్యువులో 2,573వ అక్షరం ఒక్కటి మారితే, 858వ చోట ల్యూసిన్ బదులు ఆర్జినిన్ వచ్చి కూర్చుంటుంది. అంతే, కారకం వచ్చినా రాకున్నా గ్రాహకం పనిచేస్తూనే ఉంటుంది. 2018 జనవరిలో తెలంగాణలో సాగుకు 24 గంటల కరెంటు మొదలైనప్పుడు ఆటో స్టార్టర్లు తీసేయమని రైతులకు ఎందుకు చెప్పారో గుర్తుంది కదా: మనిషి లేకున్నా మోటారు నడుస్తూనే ఉంటుంది, బోరు ఎండేదాకా.

జెఫిటినిబ్ ఈ ఈజీఎఫ్ఆర్‌ను ఆపే మాత్ర. ఆసియా దేశాల్లో 1,217 మంది ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగులతో జరిగిన ఐపాస్ పరీక్ష ఫలితాలు 2009లో వచ్చాయి. గ్రాహకంలో మార్పు ఉన్నవారిలో ఈ మాత్రతో 71.2 శాతం మందికి గడ్డ తగ్గింది. మార్పు లేని 91 మందిలో ఒక్కరికే, అంటే 1.1 శాతం. మందు అదే, మోతాదు అదే. జన్యు పరీక్ష చేయించకుండా ‘కీమో కన్నా మాత్ర తేలిక కదా, రాసివ్వండి’ అని డాక్టరును బతిమాలే కుటుంబాలు ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూడాలి. మార్పు ఉన్నవారికీ ఈ మందు శాశ్వతం కాదు. దాదాపు ఏడాదికి క్యాన్సర్ దారి మార్చుకుంటుంది. సగానికి పైగా రోగుల్లో అది 790వ అమైనో ఆమ్లం దగ్గర జరిగే ఇంకో మార్పు. దాన్నీ తట్టుకునే ఒసిమెర్టినిబ్‌ను మొదటి నుంచే ఇచ్చిన పరీక్షలో, వ్యాధి మళ్లీ ముదిరేందుకు పట్టిన మధ్యస్థ కాలం 10.2 నుంచి 18.9 నెలలకు పెరిగింది.

గ్రాహకాల మందుల్లో మన హైదరాబాద్ పేరు ప్రపంచమంతా వినిపించినది సొరాఫెనిబ్ విషయంలో. బేయర్ కంపెనీ నెలకు సుమారు 2.8 లక్షల రూపాయలకు అమ్ముతున్న ఆ మందును 9 వేల లోపు ధరకు తయారుచేసుకోవచ్చని 2012 మార్చి 9న పేటెంట్ల కంట్రోలర్ హైదరాబాద్‌లోని నాట్కో ఫార్మాకు అనుమతిచ్చారు. దేశంలో అదే తొలి తప్పనిసరి లైసెన్సు. ఏటా కనీసం 600 మంది పేద రోగులకు ఉచితంగా ఇవ్వాలని కూడా షరతు. రాయల్టీ 6 శాతం, తర్వాత 7 చేశారు. 2014 డిసెంబరులో సుప్రీంకోర్టు బేయర్ పిటిషన్ కొట్టేసింది. ధర 97 శాతం తగ్గిన ఆ విజయాన్ని తక్కువ చేయను. కానీ మందు చేసే మేలు ఎంత? సొరాఫెనిబ్ ప్రధానంగా గడ్డకు రక్తం తెచ్చే నాళాల మీది గ్రాహకాలను, రాఫ్‌ను అడ్డుకుంటుంది. ఎవరికి బాగా పనిచేస్తుందో ముందే చెప్పే గ్రాహక పరీక్ష దానికి లేదు. ముదిరిన కాలేయ క్యాన్సర్‌లో మధ్యస్థ ఆయుష్షు 7.9 నెలల నుంచి 10.7 నెలలకు పెరిగింది. మూడు నెలలకు కొంచెం తక్కువ.

హెర్-2 కథ అలా కాదు. అక్కడ లెక్క ముందే తెలుస్తుంది. 1987లో డెన్నిస్ స్లామన్ బృందం హెర్-2 జన్యువు కాపీలు పెరిగిన రోగుల్లో వ్యాధి త్వరగా తిరగబెడుతోందని చూపింది. 1998లో అమెరికాలో హెర్-2ను అడ్డుకునే మందు ట్రాస్టుజుమాబ్‌కు అనుమతి వచ్చింది. ఆపరేషన్ అయిన హెర్-2 పాజిటివ్ మహిళలకు కీమోతో పాటు ఏడాది ఇచ్చిన పరీక్షల్లో, పదేళ్ల తర్వాత బతికున్నవారు 75.2 శాతం నుంచి 84 శాతానికి పెరిగారు. 2022లో దేశంలో కొత్త రొమ్ము క్యాన్సర్లు 1.92 లక్షలని అంచనా. నూటికి 15 నుంచి 20 హెర్-2 రకమనుకుంటే 29 వేల నుంచి 38 వేల మంది మహిళలు. 2014లో బెంగళూరులోని బయోకాన్ తన రకం ట్రాస్టుజుమాబ్ తెచ్చాక ఈ మందుకూ పోటీ మొదలైంది. అయినా 60 కిలోల మనిషికి మొదటిసారి 480 మిల్లీగ్రాములు, తర్వాత మూడు వారాలకోసారి 360 చొప్పున ఏడాది పాటు కావాలి. గుండెను కూడా మధ్యమధ్య ఎకోతో చూసుకోవాలి.

ఇంత మందు వాడాలో వద్దో చెప్పేది పది శాతం కణాల లెక్క. ముక్కకు హెర్-2ను చూపే రంగు వేసినప్పుడు పది శాతానికి మించిన కణాల్లో పొర చుట్టూ అది గట్టిగా పడితే 3+, పాజిటివ్. 2+ అయితే తేలనట్టే, ఫిష్ పరీక్ష చేసి జన్యువు కాపీలు లెక్కించాలి. 0, 1+ ఒకప్పుడు కేవలం నెగెటివ్. ఇప్పుడు 1+ వచ్చినవారికీ, 2+ వచ్చి ఫిష్ నెగెటివ్ అయినవారికీ వ్యాధి ఇతర భాగాలకు పాకినప్పుడు ట్రాస్టుజుమాబ్ డెరక్స్‌టెకాన్ అనే మందు పనికొస్తుందని 2022లో తేలింది. 2024 బడ్జెట్‌లో దిగుమతి సుంకం ఎత్తేసిన మూడు క్యాన్సర్ మందుల్లో అది ఒకటి, ఒసిమెర్టినిబ్ ఇంకొకటి.

అయితే ఈ లెక్కంతా ఆపరేషన్ థియేటర్ దగ్గరే తప్పిపోవచ్చు. తీసిన ముక్క గంటలోగా పది శాతం ఫార్మలిన్‌లో పడాలి. అందులో 6 గంటలకు తక్కువ కాకుండా, 72 గంటలు దాటకుండా ఉండాలి. సీసాను బంధువుల చేతికిచ్చి ల్యాబుకు పంపడం మనకు కొత్తేమీ కాదు. సెలవు రోజున తీసిన ముక్క, మామూలు నీళ్లలో వేసిన ముక్క రిపోర్టును తారుమారు చేయగలవు. వరంగల్ నుంచి హైదరాబాద్ ల్యాబుకు 150 కిలోమీటర్లు పంపేటప్పుడు ఫార్మలిన్‌లో ఏ రోజు, ఏ గంటకు వేశారో సీసా మీద రాయించండి. రొమ్ము క్యాన్సర్ అయితే హార్మోన్ గ్రాహకాలైన ఈఆర్, పీఆర్‌తో పాటు హెర్-2, మూడూ, ఊపిరితిత్తుల అడెనోకార్సినోమా అయితే మందు మొదలుపెట్టకముందే ఈజీఎఫ్ఆర్, ఏఎల్‌కే పరీక్షలు అడగండి. రిపోర్టు తీసుకునేటప్పుడు మైనపు బ్లాకు కూడా అడిగి తెచ్చుకోండి. అందులోని ముక్క ఏళ్ల తరబడి చెడదు, రెండో ల్యాబులో చూపించాలన్నా చాలాసార్లు మళ్లీ సూది గుచ్చాల్సిన పని ఉండదు.